స్కాటిష్ కప్ మ్యాచ్ చూడాలంటే చిన్న ఊరికి వెళ్ళండి

మేము స్కాట్లాండ్‌లోని డండీకి వచ్చిన కొత్తలో మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళమని ఒకటే గొడవ. నాకు తెలిసినవి రెండే పేర్లు, సెల్టిక్, రేంజర్స్. గ్లాస్గో వెళ్ళి వాటిలో ఏదో ఒకటి చూపించేద్దాం అనుకున్నాను. ఆ మాట పక్కింటి పెద్దాయనతో అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. "పిల్లాడికి మొదటి మ్యాచ్ అంటున్నావు కదమ్మా, కప్ మ్యాచ్ చూపించు. అది కూడా చిన్న ఊళ్ళో చూపించు. జనవరి దాకా ఆగు" అన్నారు. ఆగాం. ఆ జనవరిలో ఆయనే మమ్మల్ని వెంటబెట్టుకుని ఆర్‌బ్రోత్ అనే సముద్రపు ఒడ్డు ఊరికి తీసుకెళ్ళారు. అప్పటి నుంచి ఏటా జనవరిలో ఒక శనివారం మాకు కప్ మ్యాచ్ ఉంటుంది. కేర్ హోమ్‌లో డ్యూటీల పట్టీ వేసేటప్పుడు ఆ శనివారం ఖాళీగా ఉంచమని నేను నవంబరులోనే అడిగి పెట్టుకుంటాను.

ఈ మధ్య కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది "మొదటి మ్యాచ్ ఏది చూడాలి, ఎలా వెళ్ళాలి" అని అడుగుతున్నారు. అందుకే నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏ మ్యాచ్ అన్నది తేల్చుకోవాలి. స్కాటిష్ కప్ అంటే స్కాట్లాండ్ జట్ల మధ్య జరిగే పోటీ, ఓడిన జట్టు అక్కడితో ఇంటికి పోవాల్సిందే. ఇది 1873లో మొదలైంది. చిన్న చిన్న ఊళ్ళ జట్లు ముందు రౌండ్లలో ఆడుకుంటూ వస్తాయి. అన్నిటికంటే పై డివిజన్ అయిన ప్రీమియర్‌షిప్‌లోని పన్నెండు జట్లూ నాలుగో రౌండ్‌లో, అంటే మామూలుగా జనవరిలో దిగుతాయి. ఎవరితో ఎవరు ఆడాలన్నది డ్రా తీసి, అంటే జట్టుకో బంతి వేసి చీటీల్లా ఒక్కొక్కటే బయటికి తీసి తేలుస్తారు. పెద్ద జట్లకు ప్రత్యేకమైన చోటేమీ ఉండదు. ముందు ఎవరి బంతి బయటికొస్తే మ్యాచ్ వాళ్ళ మైదానంలోనే. నాలుగు వీధులున్న ఊరి జట్టు పేరు ముందు వచ్చి, తర్వాత సెల్టిక్ పేరు వచ్చిందంటే సెల్టిక్ బస్సు ఆ ఊరికి రావాల్సిందే. అందుకే మీ మొదటి మ్యాచ్‌కి నాలుగో రౌండే ఎంచుకోండి. చిన్న జట్టు సొంత మైదానంలో, పై డివిజన్ జట్టుతో ఆడే మ్యాచ్ వెతకండి.

చిన్న జట్టు ఎలాగూ ఓడిపోతుంది కదా, ఏముంది చూడ్డానికి అని మావారు మొదట్లో అనేవారు. ఆయనకి పక్కింటి పెద్దాయన చెప్పిన లెక్కలు ఇవి. 1967 జనవరి 28న బెరిక్ రేంజర్స్ అనే చిన్న జట్టు గ్లాస్గో రేంజర్స్‌ని 1-0తో ఓడించింది. 2000 ఫిబ్రవరిలో ఇన్వర్నెస్ జట్టు సెల్టిక్‌ని వాళ్ళ మైదానంలోనే 3-1తో ఓడించింది. 2023 జనవరి 23న డార్వెల్ అనే చిన్న ఊరి జట్టు, పై డివిజన్ నుంచి లెక్కపెడితే ఆరో అంచెలో ఆడేది, అబర్డీన్‌ని 1-0తో ఇంటికి పంపించేసింది. 2025 ఫిబ్రవరిలో కింది డివిజన్ జట్టు క్వీన్స్ పార్క్ ఏకంగా రేంజర్స్ సొంత మైదానం ఐబ్రాక్స్‌కే వెళ్ళి వాళ్ళని 1-0తో ఓడించింది. వందసార్లలో ఒక్కసారి జరిగేది ఆ రోజు జరగొచ్చు. మైదానంలో ఉన్న ప్రతి మనిషి మొహంలోనూ ఆ ఆశ కనిపిస్తుంది. మూడు వేల మంది ఒకే ఆశతో నిలబడి ఉంటే ఆ గాలే వేరు.

నేను ఎక్కువగా ఆర్‌బ్రోత్ గురించే చెప్తాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి. డండీ నుంచి రైలులో ఇరవై నిమిషాలు. వాళ్ళ గేఫీల్డ్ పార్క్ ఉత్తర సముద్రం ఒడ్డునే ఉంటుంది. ఒడ్డునే అంటే మాటవరసకి కాదు, గోడకి అటు అలలు, ఇటు ఆట. తుఫాను రోజుల్లో నీటి తుంపర గోడ దాటి వచ్చి మనుషుల మీద పడుతుంది. 1885 సెప్టెంబర్ 12న ఇదే కప్‌లో ఈ ఊరి జట్టు బాన్ అకార్డ్ అనే జట్టుని 36-0తో ఓడించింది. ముప్ఫై ఆరు, తప్పు చదవలేదు మీరు. జాన్ పెట్రీ అనే కుర్రాడు ఒక్కడే 13 గోల్స్ కొట్టాడు. ఆర్‌బ్రోత్ గోల్‌కీపర్ దగ్గరికి బంతే రాక, వానలో గొడుగు కింద నిలబడి గడిపాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

టికెట్ సంగతి. లీగ్ మ్యాచ్‌ల సీజన్ టికెట్ చాలా క్లబ్బుల్లో కప్‌కి పనికిరాదు, విడిగా కొనాలి. డ్రా తీసిన వారం పది రోజుల్లో క్లబ్ వెబ్‌సైట్‌లో అమ్మకం తేదీ పెడతారు. పెద్ద జట్టు వస్తుంటే చిన్న మైదానం గంటల్లో నిండిపోతుంది కాబట్టి ఆ తేదీ ఫోన్‌లో అలారంలా పెట్టుకోండి. కొనేటప్పుడు ఏ జట్టు వైపు అన్నది తప్పనిసరిగా చూసుకోండి. ఏ జట్టుకీ అభిమాని కాకపోతే ఊరి జట్టు వైపే కొనండి. పెద్ద జట్టు అభిమానుల మధ్య కూర్చుంటే మీరు వేల మందిలో ఒకరు. ఊరివాళ్ళ మధ్య నిలబడితే రెండో అరగంటకి పక్కవాళ్ళు మీ పిల్లాడి పేరు అడుగుతారు. పిల్లలకి ధర బాగా తక్కువ. ఒకప్పుడైతే పిల్లలకి టికెట్టే ఉండేది కాదట. లోపలికి వెళ్ళే తిరుగుడు గేటు (టర్న్‌స్టైల్) దగ్గర నిలబడి "ఎత్తండి మిస్టర్" అని అడిగితే ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి చంకల కింద చేతులు వేసి అటు పక్కకి దించేవాడట. మా పెద్దాయన తన మొదటి మ్యాచ్ అలాగే చూశారు.

బట్టల రంగు గురించి ఒక మాట. అవతలి జట్టు రంగు వేసుకుని ఇవతలి వైపు వెళ్ళకండి. ముఖ్యంగా గ్లాస్గో జట్లు ఉన్న రోజు ఆకుపచ్చ, నీలం రెండూ మానేస్తే మంచిది. అక్కడ ఆ రంగుల వెనక మతం, చరిత్ర చాలా ఉన్నాయి. అలాగే చుట్టూ పాడుతున్నారు కదా అని మాటలు అర్థం కాని పాటకి గొంతు కలపకండి. పిల్లలకి కూడా ముందే చెప్పి ఉంచండి.

ఇక వాతావరణం. ఇది తేలిగ్గా తీసుకుంటే రోజంతా పాడవుతుంది. జనవరిలో మైదానం గడ్డకట్టినా, నీళ్ళు నిలిచినా మ్యాచ్ వాయిదా పడుతుంది. అనుమానం ఉంటే ఆ రోజు పొద్దున్నే రెఫరీ వచ్చి మైదానం చూసి చెప్తాడు. 1979లో ఇన్వర్నెస్ థిసిల్, ఫాల్కర్క్ జట్ల కప్ మ్యాచ్ ఇలా 29 సార్లు వాయిదా పడింది. కాబట్టి క్లబ్ వాళ్ళ కబురు చూడకుండా ఇంట్లోంచి కదలకండి. రైలు టికెట్ కూడా ఒకే రైలుకి కట్టుబడే చవక రకం వద్దు. ఏ రైలుకైనా చెల్లే రాను పోను టికెట్ కొనండి. ఎందుకో కింద చెప్తాను.

చలికి మనవాళ్ళు పైన లావుపాటి కోటు వేసుకుని కాళ్ళని వదిలేస్తారు. మొదటి ఏడు నేనూ అదే చేశాను. చిన్న మైదానాల్లో చాలాచోట్ల నిలబడి చూసే సిమెంటు మెట్లే ఉంటాయి, టెర్రస్ అంటారు. చలి పైనుంచి కాదు, ఆ సిమెంటులోంచి బూటు అడుగు గుండా ఎక్కుతుంది. అరగంటకి వేళ్ళు మొద్దుబారతాయి. ఇంకో అరగంటకి మోకాళ్ళ దాకా వస్తుంది. ఆ రోజు మా పెద్దాయన కోటు లోపలినుంచి మడతపెట్టిన అట్టపెట్టె ముక్కలు మూడు తీశారు. ఒకటి నా కాళ్ళ కింద, ఒకటి పిల్లాడి కాళ్ళ కింద, ఒకటి తన కాళ్ళ కింద వేశారు. మాట్లాడకుండా ఏదో పీటలు వేసినట్టు వేశారు. ఐదు నిమిషాల్లో తేడా తెలిసింది. ఇప్పుడు ప్రతి జనవరికీ ఒక అట్టపెట్టె దాచి ఉంచుతాను. రెండు జతల ఊలు సాక్సులు, లోపల థర్మల్స్, చెవులు మూసే టోపీ, తల మీదికి వచ్చే వానకోటు తప్పనిసరి. గొడుగు మాత్రం వద్దు. వెనకవాళ్ళకి అడ్డం, పైగా సముద్రపు గాలికి ఒక్క నిమిషం ఆగదు. ఇలా బూడిదరంగు ఆకాశం, సన్నటి తుంపర, ఎముకల్లోకి దిగే చలి కలిసిన రోజుని ఇక్కడివాళ్ళు "డ్రీక్" అంటారు. పక్కవాళ్ళతో మాట కలపాలంటే ఆ ఒక్క మాట చాలు.

మధ్యాహ్నం పన్నెండుకల్లా ఊళ్ళో దిగండి. మామూలుగా ఆట మూడింటికి. ఆర్‌బ్రోత్ అయితే స్టేషన్ నుంచి నేరుగా మైదానానికి పోకుండా రేవు వైపు నడవండి. అక్కడ స్మోకీ దొరుకుతుంది. హాడక్ చేపల్ని జతగా తోకలు కట్టి, కట్టెల పొగ మీద వేలాడదీసి ఉడకనిస్తారు. కాగితంలో చుట్టి వేడివేడిగా ఇస్తే చేత్తో విప్పుకుని తినడమే. ఉప్పు, పొగ, చేప, ఇంకేమీ లేవు అందులో. చేప తినేవాళ్ళు ఇది వదలకండి.

మందు తాగేవాళ్ళు వెంట ఉంటే ముందే చెప్పేయండి. స్కాట్లాండ్‌లో మైదానం లోపల మామూలు ప్రేక్షకులకి మద్యం అమ్మరు, తీసుకెళ్ళనివ్వరు. తాగి తూలుతూ వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. అభిమానుల బస్సుల్లో కూడా తాగకూడదు. ఇది 1980 నుంచి వచ్చిన చట్టం. ఆ ఏడాది మే 10న గ్లాస్గోలోని హాంప్డెన్ మైదానంలో సెల్టిక్, రేంజర్స్ కప్ ఫైనల్ అయ్యాక రెండు వైపుల జనం మైదానంలోకి దూకి కొట్టుకున్నారు, గుర్రాల మీద పోలీసులు రావాల్సొచ్చింది. పిల్లలతో వెళ్ళేదాన్నిగా చెప్తున్నాను, ఆ చట్టం వల్ల నాకైతే ఎంతో నిశ్చింత.

లోపలికి రెండుంబావుకల్లా వెళ్ళిపోండి. ముందుగా "పై" కొనుక్కోండి, అంటే లోపల కీమా కూరి కాల్చిన తినుబండారం. హాఫ్‌టైమ్‌లో కొందాం అనుకుంటే పదిహేను నిమిషాలూ లైనులోనే పోతాయి. కొందరు హాఫ్‌టైమ్‌కి ఐదు నిమిషాల ముందే లైనులోకి పోతారు. నేను ఆ పని చేయను. కప్ మ్యాచ్‌లో ఆ ఐదు నిమిషాల్లో గోల్ పడితే ఆ బాధ ఏ పైతోనూ తీరదు.

స్కాచ్ పై అరచేయంత గుండ్రంగా ఉంటుంది. గోడలు గట్టిగా నిలబడి ఉంటాయి, పైమూత మాత్రం అంచుకంటే కాస్త కిందికి దిగి ఉంటుంది. ఆ పల్లంలోనే బ్రౌన్ సాస్ పోసుకుంటారు, అంచు దాటి కారదు. లోపల మిరియాలు దట్టించిన కీమా, దాని చుట్టూ మరిగిన కొవ్వు. మొదటి కొరుకు జాగ్రత్తగా కొరకాలి. పైని నోటివైపు వంచకుండా మనమే ముందుకి వంగాలి, లేకపోతే ఆ వేడి నూనె మణికట్టు మీదుగా కోటు చేతిలోకి దిగిపోతుంది. చేతిగ్లవ్‌లో ఒకటి తీసేసి ఆ చేత్తో పట్టుకోండి, వేళ్ళు కూడా వెచ్చబడతాయి. పాత పద్ధతిలో ఇందులో గొర్రె మాంసమే. అయినా కొన్నిచోట్ల బీఫ్ వాడతారు, తిననివాళ్ళు అడిగి తీసుకోండి. బోవ్రిల్ అని కప్పుల్లో పొగలు కక్కుతూ నల్లటి పానీయం అమ్ముతారు, అది బీఫ్ రసమే. మాంసం వద్దనుకుంటే మాకరోనీ పై ఉందేమో అడగండి, లేదంటే టీ ఉండనే ఉంది. డండీ వాళ్ళు పైని "పె" అంటారు. మా అబ్బాయి ఆ మాట వాళ్ళలాగే పలికితే కొట్టు దగ్గరి ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఎక్కడ నిలబడాలి? పిల్లలుంటే ముందువరుసలో, కంచెని ఆనుకుని. ఆటగాళ్ళ ఊపిరి, తిట్లు, రెఫరీతో వాదనలు అన్నీ వినబడతాయి. టీవీలో ఎన్నాళ్ళు చూసినా ఫుట్‌బాల్ ఇంత గట్టి ఆట అని నాకు తెలియలేదు. రెండు శరీరాలు గుద్దుకున్న చప్పుడు మూడు గజాల దూరంలో విన్నాకే తెలిసింది. జనం తక్కువగా ఉన్న మామూలు మ్యాచ్‌లలో హాఫ్‌టైమ్‌కి అభిమానులు మైదానం చుట్టూ నడిచి, తమ జట్టు దాడి చేసే గోల్ వెనక్కి మారతారు. ఆ నడక నాకు చాలా ఇష్టం. పెద్ద జట్టు వచ్చినప్పుడు రెండు వైపులనీ విడదీస్తారు కాబట్టి అది కుదరదు.

సముద్రం పక్కన ఆట చూసేటప్పుడు టాస్ దగ్గర్నుంచే గాలి ఎటుందో గమనించండి. కార్నర్ జెండా చూస్తే తెలుస్తుంది. గాలికి ఎదురుగా గోల్‌కీపర్ తన్నిన బంతి పైకి లేచి, ఒక క్షణం ఆగినట్టయి, వెనక్కి తిరిగి అతని వైపే రావడం నేను కళ్ళారా చూశాను. పెద్ద జట్టు కుర్రాళ్ళు ఇది ఊహించరు. ఊరి కుర్రాళ్ళు దీంట్లోనే పెరిగారు. ఆట మొదలైన గంటకల్లా చీకటి పడిపోతుంది, జనవరి కదా. ఫ్లడ్‌లైట్ల వెలుగులో వాన చారలు చారలుగా కనిపిస్తుంది, గోడవతల సముద్రం వినబడుతుందే కానీ కనబడదు. అప్పటికి స్కోరు ఇంకా 0-0 అయితే మైదానం అంతా ఒక్క మనిషిలా మారిపోతుంది. బంతి పట్టుకుని ముందుకి దూసుకుపోయే కుర్రాడికి "గాన్ యెర్‌సెల్!" అని అరుస్తారు. పో నాయనా, నీదే అన్నట్టు. మీరూ అరవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక రైలు సంగతి. కప్ మ్యాచ్ తొంభై నిమిషాలకి సమంగా ఉంటే ఇంకో అరగంట ఎక్స్‌ట్రా టైమ్, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఐదింటికి ముందే అయిపోవాల్సింది ఆరు దగ్గరికి వస్తుంది. ఒక ఏడు మాకు ఇదే జరిగింది. ఊరి పేరు వద్దు. నేను ఐదున్నర రైలుకి మాత్రమే చెల్లే టికెట్ కొని ఉన్నాను. పెనాల్టీలు మొదలయ్యాయి. "పద నాన్నా, రైలు పోతుంది" అంటే మావాడు కంచె వదలడు. "అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు, ఒక్క ఐదే" అని బతిమాలాడు. పెద్దాయన నావైపు చూసి, "రైళ్ళు మళ్ళీ వస్తాయమ్మా" అన్నారు. ఉన్నాం. మా జట్టు ఓడిపోయింది. మళ్ళీ టికెట్లు కొని, గంటసేపు ప్లాట్‌ఫాం మీద వణుకుతూ కూర్చున్నాం. పిల్లాడు ఏడుస్తూనే ప్రతి పెనాల్టీ మళ్ళీ ఆడి చూపించాడు. ఆ రాత్రి వాడు ఇప్పటికీ తలచుకుంటాడు. మీరు మాత్రం తర్వాతి రెండు రైళ్ళ టైములూ రాసి పెట్టుకోండి.

ఫైనల్ చూడాలని ఉంటే అది మే నెలలో, గ్లాస్గో హాంప్డెన్ పార్క్‌లో. గ్లాస్గో సెంట్రల్ నుంచి లోకల్ రైలెక్కి మౌంట్ ఫ్లోరిడాలో దిగితే కొద్ది దూరం నడక. ఇప్పుడు యాభై వేల పైచిలుకు పడుతుంది. 1937 ఫైనల్‌కి సెల్టిక్, అబర్డీన్ ఆట చూడ్డానికి ఇదే చోట 1,46,000 మందికి పైగా వచ్చారు. టికెట్లు చాలావరకు ఆడే రెండు క్లబ్బుల అభిమానులకే పోతాయి. టికెట్ దొరకకపోతే దిగులు పడకండి, వేరే రోజు అక్కడి ఫుట్‌బాల్ మ్యూజియంకి వెళ్ళండి. 1873లో చేసిన అసలు కప్ అక్కడే ఉంటుంది, ఇంత పాత జాతీయ ఫుట్‌బాల్ ట్రోఫీ ప్రపంచంలో ఇంకోటి లేదు. గెలిచిన జట్ల పేర్లు దాని మీద చెక్కి ఉంటాయి. మా పెద్దాయనది డండీ జట్టు. వాళ్ళు గెలిచింది ఒక్కసారే, 1910లో. ఆయన అద్దానికి దగ్గరగా వంగి ఆ పేరు కోసం వెతికారు. "ఎడిన్‌బరా జట్టు హిబ్స్‌కి మళ్ళీ గెలవడానికి 114 ఏళ్ళు పట్టింది. 1902 తర్వాత మళ్ళీ 2016లో, అది కూడా 92వ నిమిషంలో డేవిడ్ గ్రే తలతో కొట్టిన గోల్‌తో. మాకూ వస్తుంది" అన్నారు. మా అబ్బాయి ఆయన చెయ్యి పట్టుకుని, "వస్తుంది తాతయ్యా" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. ఆయనకి ఆ పిలుపు అలవాటే.

మ్యాచ్ నుంచి ఇంటికి రాగానే ఆ రోజు పని అయిపోయిందనుకోకండి. నాలుగో రౌండ్ ముగిశాక ఐదో రౌండ్ డ్రా టీవీలో వస్తుంది, అది ఫిబ్రవరి మ్యాచ్‌లకి. మీ జట్టు ఓడిపోయినా సరే కూర్చుని చూడండి. ఇంకా మిగిలిన చిన్న ఊళ్ళు ఏవో ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో ఏ పేరు ముందు వస్తుందో, దాని తర్వాత ఏ పెద్ద పేరు వస్తుందో చూసి, ఆ ఊరికి రైలు ఉందో లేదో ఆ రాత్రే వెతకండి.